చివరి లెవెల్ ముందు వదిలిన మూరెడు

మా మావయ్యగారు వీడియో గేమ్ కాళ్ళతో ఆడతారు. రిమోట్ చేతిలోనే ఉంటుంది, బొత్తాలు బొటనవేళ్ళతోనే నొక్కుతారు. కానీ టీవీలో మనిషి గొయ్యి దాటాలంటే ముందు ఈయన కుడికాలు నేలని తొక్కాలి, ఆ తర్వాత ఎడమకాలు. ఆయనకి తెలియకుండానే ఆ రెండు పాదాలూ సోఫా ముందున్న చాప మీద ఒకదాని తర్వాత ఒకటి లేస్తూ పడుతూ ఉంటాయి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. చాప ఆ రెండుచోట్లా అరిగి పుల్లలు పైకి తేలాక నవ్వడం మానేసి కొత్త చాప కొన్నాను.

జీవితమంతా మగ్గం నేసిన కాళ్ళు అవి. పెడన దగ్గర చిన్న ఊళ్ళో ఇంటి ముందుగదిలోనే మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు వేలాడేసి కూర్చుని, కింద ఉన్న చెక్కల్ని కాళ్ళతో తొక్కుతూ, చేత్తో దారం నింపిన నాడెని ఈ పక్కనుంచి ఆ పక్కకి పంపిస్తూ నేసేవారు. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇంక గుంటలోకి దిగొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాక ఆయన్ని భవానీపురంలో మా ఇంటికి తెచ్చుకున్నాం. అత్తయ్య అప్పటికే పోయారు. మా ఆయనకి బజార్లో చీరల కొట్టుంది. నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మాది కంకిపాడు, మా నాన్నగారిది వ్యవసాయం. పెళ్ళయ్యేదాకా చీర కట్టుకోవడమే తప్ప అది ఎక్కణ్ణించి వస్తుందో ఆలోచించిన దాన్ని కాదు.

వచ్చిన కొత్తలో మావయ్యగారికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. పేపరు చదివాక దాన్ని మడిచి, మడత గోటితో గీసి, మళ్ళీ విప్పి మళ్ళీ మడిచేవారు. కిటికీ కర్టెన్ అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి, "మిల్లుదమ్మా ఇది" అనేవారు, దానికేదో జబ్బు చేసినట్టు. నది ఒడ్డున ఘాట్ దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చుని రండి అంటే వెళ్ళొచ్చేవారు. వచ్చాక మళ్ళీ పేపరు మడతే. మనిషి బాగానే తింటున్నాడు, నవ్వుతూనే మాట్లాడుతున్నాడు, కానీ ఇంట్లో ఎవరో బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేది నాకు.

గేమ్ మాత్రం ఆయన కోసం కొన్నది కాదు. అబద్ధం ఎందుకు, నా కోసమే కొనుక్కున్నాను.

నా చిన్నప్పుడు కంకిపాడు సెంటర్లో సినిమా కేసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఒకటి ఉండేది. దాని వెనకగదిలో టీవీ పెట్టి పిల్లల చేత గేములు ఆడించేవాళ్ళు. అన్నయ్య ఆడేవాడు, నేను పక్కన కూర్చుని దారి చెప్పేదాన్ని. మేం ఎప్పుడూ ఆడేది ఒకటే గేమ్. ఎర్రచొక్కా వేసుకుని, నడుముకి కత్తి కట్టుకున్న మనిషి ఒకడు కొండ కిందున్న పాతనగరంలోకి దిగుతాడు. అక్కడెవరో దాచేసిన పెద్ద గంటని వెతికి, పైకి తెచ్చి, గోపురంలో కట్టాలి. అప్పట్లో ఆపినచోట నించి ఆడే సదుపాయం లేదు. వెళ్ళినప్పుడల్లా మొదటి మెట్టు నించే మొదలు. పడుతూ లేస్తూ చివరి లెవెల్స్ దాకా వచ్చేవాళ్ళం. సరిగ్గా అక్కడికొచ్చేసరికి కరెంటు పోవడమో, కొట్టు ఆయన "టైమైపోయిందిరా, లేవండి" అనడమో జరిగేది. తర్వాత ఆ కొట్టు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టయింది. అన్నయ్య ఇప్పుడు ఎరువుల వ్యాపారంలో ఉన్నాడు. ఆ గేమ్ గుర్తుందా అని అడిగితే "ఏ గేమే?" అన్నాడు. ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను.

నాకు మాత్రం మనసులో అది ముల్లులా ఉండిపోయింది. చివరి తలుపు వెనకాల ఏముందో చూడకుండానే ఇంత వయసొచ్చేసింది. పాత గేములన్నీ కలిపి ఒక చిన్న డబ్బాలో పెట్టి అమ్ముతున్నారని స్టాఫ్‌రూమ్‌లో ఎవరో చెబితే, ఎండాకాలం సెలవులు మొదలవగానే తెప్పించుకున్నాను. జాబితాలో ఎర్రచొక్కా వాడి బొమ్మ కనపడగానే నేనక్కడే నేలమీద చతికిలబడిపోయాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "సెలవులయ్యాక పిల్లలకి న్యూటన్ బదులు ఇది చెప్పు" అని కొట్టుకి వెళ్ళిపోయాడు.

ఆడడం మొదలుపెట్టాక తెలిసింది నాకు ఆడడం రాదని. దారి అంతా గుర్తుంది. ఎక్కడ మేకులు పైకి లేస్తాయో, ఏ గోడ వెనక దీపం ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. వేళ్ళు మాత్రం మాట వినవు. రెండో లెవెల్లో ఒక ఊగే కత్తి ఉంది, అది ఎర్రచొక్కా వాణ్ణి అదే పనిగా నరుకుతోంది. నేను రిమోట్‌ని తిడుతున్నాను. వెనకనించి మావయ్యగారి గొంతు వినపడింది.

"అది వెళ్ళాక కాదమ్మా. వస్తా ఉండగానే కదలాలి."

"మీరు ఆడండి మావయ్యగారూ, అంత తేలికైతే" అన్నాను. కొంచెం వెటకారంగానే అన్నాను.

ఆయన కండువా తీసి పక్కన పెట్టి కూర్చున్నారు. మొదటిసారి చచ్చాడు, రెండోసారీ చచ్చాడు. ఆ తర్వాత చాప మీద కుడికాలు పడింది, ఎడమకాలు పడింది, ఎర్రచొక్కా వాడు కత్తి కిందనించి సందులో దూరిన పిల్లిలా అవతలికి వెళ్ళిపోయాడు. నేను నోరెళ్ళబెట్టాను. ఆయన నావైపు తిరిగి, "ఇప్పుడెటు?" అన్నారు.

అలా పని పంచుకున్నాం. దారి నాది, చేతులు ఆయనవి. మే నెల ఎండకి భవానీపురంలో కుక్కలు కూడా కార్ల కిందనించి కదలని మధ్యాహ్నాలు. భోజనాలయ్యాక కిటికీలు మూసేసి, కూలర్లో నీళ్ళు పోసి, ఇద్దరం టీవీ ముందు కూర్చునేవాళ్ళం. ఎడమవైపు, నిచ్చెన, ఆగండి, గబ్బిలం వస్తుంది, ఇప్పుడు. నేను చెబుతుంటే ఆయన కాళ్ళు ఆడుతుండేవి. ఒకరోజు మధ్యలో ఆపి, "మీ అత్తయ్య ఇలాగే పక్కన కూర్చుని కండెలు చుట్టేది. దారం అందిస్తానే ఉండేది, కబుర్లు చెప్తానే ఉండేది" అన్నారు. నేను "కుడివైపు మేకులున్నాయి మావయ్యగారూ" అన్నాను. ఆయన నవ్వి ఎడమవైపు దూకారు.

ఆపేముందు సేవ్ బొత్తం నొక్కాలని, నొక్కకపోతే ఆడిందంతా పోతుందని ఆయనకి ఒకసారే చెప్పాను. మళ్ళీ చెప్పాల్సిన పని రాలేదు. మంచినీళ్ళకి లేచినా నొక్కే లేచేవారు.

చివరి మూడు లెవెల్స్‌కి వచ్చేసరికి నేను సోఫా అంచుకి జరిగిపోయాను. మొదటిది నీళ్ళది. గేట్లు ఎత్తి దించుతూ నీటి మట్టం పెంచుకుంటూ, ఆ నీళ్ళతో పాటు పైకి తేలాలి. రెండోది వంతెన, కాలు పెట్టిన ప్రతి పలకా విరిగి పడిపోతుంది, ఆగితే చచ్చినట్టే. కంకిపాడులో మేం చూసిన ఆఖరి చోటు అది. మావయ్యగారు దానిమీద పరిగెడుతుంటే నేను సోఫా దిండు కరుచుకుని కూర్చున్నాను. దాటారు. మూడోది గోపురం. మెలికల మెట్లన్నీ ఎక్కి పైకి వెళితే ఎదురుగా డాలు పట్టుకున్న ఇనుప మనిషి. వాడి వెనక తలుపు. నేను బతుకులో మొదటిసారి చూస్తున్న తలుపు.

మావయ్యగారు సేవ్ నొక్కి, రిమోట్ కింద పెట్టి, "ఇయ్యాల్టికి చాలమ్మా" అన్నారు.

సరే, అలిసిపోయారు అనుకున్నాను. మర్నాడు మంగళవారం, మంగళవారం ఏదీ ముగించకూడదన్నారు. ఆ మర్నాడు మోకాలు నొప్పి అన్నారు. ఆ తర్వాత రోజు ఇనుప మనిషిని చూసి, "ఈడితో రేపు చూద్దాం" అని పాత లెవెల్స్‌లో వదిలేసిన దీపాలు ఏరుకోవడానికి వెనక్కి నడిపించారు. ఇలా వారం గడిచింది. నేను కాలుగాలిన పిల్లిలా వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతున్నాను. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"మావయ్యగారూ, మీకు భయమా ఏంటి? ఒక్క మనిషేగా. నా చిన్నప్పటినించీ చూడాలని ఉంది ఆ తలుపు వెనకాల ఏముందో."

ఆయన రిమోట్‌ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తర్వాత అన్నారు, "అయిపోద్ది కదమ్మా."

"అయిపోవడానికేగా ఆడేది."

"మా పనిలో అట్టా అవదు" అన్నారు. "నిలువు దారం, అదే పడుగు, చివరికొచ్చినా మొత్తం నెయ్యం. మూరెడు దారం మగ్గంలోనే వదుల్తాం. కొత్త పడుగు తెచ్చి దాని పోగులన్నీ పాతదాని పోగులకి ఒక్కోటీ కలిపి మెలేస్తాం. అప్పుడు పాతది లాగితే కొత్తది దాని ఎంబడే లోపలికొస్తది. మగ్గం కాళీగా ఉండకూడదు. మా నాన్న వదిలిన మూరెడికి నేను అతికా. అట్టా అతుకుతానే వచ్చా ఇన్నేళ్ళూ." వేళ్ళతో గాల్లోనే ఏదో మెలిపెట్టి చూపించారు. "ఇక్కడికి వచ్చే ముందర మాత్రం ఏం అతకలా. ఉన్నది కోసేసి వచ్చేశా."

అప్పుడర్థమైంది నాకు ఆ తలుపు అవతల ఆయనకి కనిపిస్తున్నదేంటో. పేపరు మడతలు. జాలేసింది. జాలేసినంత మాత్రాన నా ముల్లు ఊడిపోలేదు. ఆయనకి అది అయిపోకూడదు, నాకు అది చూసి తీరాలి. సరే, ఇంకొన్నాళ్ళు ఆగుదాం అనుకున్నాను, మనసులో నా ఓర్పుకి నేనే దణ్ణం పెట్టుకుంటూ.

ఆ వారాంతంలోనే అడ్మిషన్ల పని ఉందని కాలేజీకి రమ్మన్నారు. సాయంత్రం ఎండలో మాడి ఇంటికొచ్చేసరికి మావయ్యగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"ఇంక నువ్వు ఆ తలుపు తీసేసుకోవచ్చమ్మా. కొత్తది అతికేశా."

నాకు అర్థం కాలేదు. టీవీ ముందుకి వెళ్ళి చూశాను. ఎర్రచొక్కా వాడు మొదటి లెవెల్లో, మొదటి మెట్టు మీద, కొత్త పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు.

"మళ్ళీ మొదటినించి అని ఉంది కదా, అది నొక్కా. రెండు గోతులు దాటించి, నువ్వు చెప్పినట్టే ఆపేముందు బొత్తం నొక్కా" అన్నారాయన. "కొత్తది తయారుగా ఉంది. ఇప్పుడు పాతది పూర్తి చేసినా కాళీ పడదు."

ఆ డబ్బాలో ఒక్కో గేమ్‌కీ దాచుకునే చోటు ఒక్కటే. కొత్తది దాస్తే పాతది చెరిగిపోతుంది. ఆ సంగతి నేను ఆయనకి చెప్పనే లేదు. చెప్పాల్సొస్తుందని ఎవరనుకుంటారు? గోపురం లేదు, ఇనుప మనిషి లేడు, తలుపు లేదు. నెల రోజుల మధ్యాహ్నాలు ఆ ఒక్క బొత్తంతో పోయాయి.

"పాతది లేదు మావయ్యగారూ. దాని మీదే ఇది పడింది" అన్నాను. ఇంకేమీ అనకుండా మేడ మీదికి వెళ్ళిపోయాను. అంటే ఏమంటానో నాకే భయమేసింది. నీళ్ళట్యాంకు నీడలో కూర్చుని కొండమీది గుడి దీపాలు వెలిగేదాకా చూశాను. ఒక గేమ్ కోసం కాలేజీ లెక్చరర్ మేడెక్కి ఏడుస్తోందంటే వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వారు, నాకు ఏడుపొచ్చింది.

కిందికి దిగేసరికి మా ఆయన వచ్చి ఉన్నాడు. సంగతి విన్నట్టున్నాడు, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటున్నాడు. నేను చూసిన చూపుకి మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. మావయ్యగారు మాత్రం సోఫాలో బిగుసుకుపోయి కూర్చున్నారు.

"ఒకళ్ళ మగ్గం మీద పడుగు ఇంకొకళ్ళు తెంపకూడదమ్మా" అన్నారు నావైపు చూడకుండా. "అది మా వాళ్ళలో ఎవరూ చెయ్యరు. నేను చేశా."

"మీరు కావాలని చేశారా ఏంటి?"

"చేతిలో నాడె ఉన్నది నాకు. నేసిస్తా. ఆ గుమ్మం దాకా తెచ్చి నీ చేతికిస్తా." అప్పుడు నావైపు తిరిగి, "దారి చెప్తావా మరి?" అన్నారు.

చెప్పనని ఎలా అంటాను? అన్నాలు తిన్నాక ముఖం మాడ్చుకునే ఆయన పక్కన కూర్చున్నాను. కోపం ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే ఆయన ఆడుతున్న తీరు అలా ఉంది. మొదటిసారి తడుముకున్నచోటల్లా ఇప్పుడు కాళ్ళు ముందే పడుతున్నాయి. పెళ్ళి చీర ఇవ్వాల్సిన గడువు దగ్గర పడినప్పుడు ఇలాగే నేసేవారట, మా ఆయన వెనకనించి చెప్పాడు. నేను "ఎడమవైపు" అనేలోపే ఆయన ఎడమవైపు వెళ్ళిపోయేవారు. అయినా ప్రతిచోటా ఆగి, "ఇప్పుడెటు?" అని అడిగేవారు. దారి ఆయనకి నాలాగే వచ్చేసిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అడిగేవారు, నేను చెప్పేదాన్ని. ఆ రోజులు నాకు చాలా ఇష్టమైన రోజులు. మామిడిపళ్ళ టెంకలు పళ్ళెంలో అలాగే ఎండిపోతుండేవి, కూలర్లో నీళ్ళు అయిపోయినా ఎవరమూ లేచేవాళ్ళం కాదు.

మళ్ళీ గేట్లు, మళ్ళీ వంతెన, మళ్ళీ మెలికల మెట్లు. తొలకరి చినుకులు పడ్డ ఒక సాయంత్రం ఇనుప మనిషి ముందుకొచ్చి నిలబడ్డాం. మావయ్యగారు సేవ్ నొక్కి రిమోట్ నా ఒళ్ళో పెట్టారు.

"అంచు నువ్వు నెయ్యి" అన్నారు.

నేను ఆ గేమ్ మూసేశాను. ఆయన కంగారుపడ్డారు. జాబితాలో కిందికి వెళ్ళి, ఇంకో గేమ్ తెరిచాను. పడవ మీద నదులన్నీ తిరిగే ఆడమనిషి కథ అది. అందులోనూ లెవెల్స్ చాలా ఉన్నాయి, దారి నాకూ తెలియదు. "ఇది వేరే మగ్గం మావయ్యగారూ. దీనికి దాచుకునే చోటు వేరే ఉంది, పాతదానికేం కాదు. మొదలుపెట్టండి."

ఆయన రిమోట్ తీసుకున్నారు. పడవ ఒడ్డు వదిలి నది వంపు దాకా వెళ్ళింది. ఆపి, ఒకటికి రెండుసార్లు నన్నడిగి, బొత్తం నొక్కారు. నేను వెనక్కి వచ్చి చూపించాను. ఇనుప మనిషి డాలు పట్టుకుని అక్కడే ఉన్నాడు. మావయ్యగారు గట్టిగా ఊపిరి వదిలి వెనక్కి జారబడ్డారు. "ఇప్పుడు కొయ్యి" అన్నారు.

ఇనుప మనిషి నన్ను చాలాసార్లు చంపాడు. "వస్తా ఉండగానే కదలాలి" అని ఆయన అంటూనే ఉన్నారు. చివరికి నేనూ చెప్పులు విడిచి చాప మీద కాళ్ళు ఆనించాను. కుడికాలు, ఎడమకాలు. డాలు ఎత్తి వాడు మీదికి వస్తుండగానే పక్కకి దూరాను. నా కత్తి వాడికి తగిలింది. వాడు ముక్కలుగా రాలిపోయాడు.

తలుపు తెరుచుకుంది. వెనకాల ఏముందంటే, ఒక చిన్న గది. గది పైన ఆకాశం. ఎర్రచొక్కా వాడు తను వెతికి తెచ్చిన గంట కట్టి ఒకసారి కొట్టాడు. కింద ఊళ్ళో దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. అంతే. ఇన్నేళ్ళు నన్ను తినేసింది ఆ కాస్త బొమ్మ. అయినా నాకు కళ్ళు చెమర్చాయి, చాలా బాగుందనిపించింది.

తర్వాత తెర నల్లబడి, కిందనించి అక్షరాలు పైకి ఎక్కడం మొదలైంది. ఆపేద్దామని చెయ్యి చాచాను.

"ఏంటమ్మా అవి?" అన్నారు మావయ్యగారు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు.

"గేమ్ తయారుచేసినవాళ్ళ పేర్లు."

"అందరివీనా?"

"అందరివీ. బొమ్మలు వేసినవాళ్ళు, రంగులు వేసినవాళ్ళు, పాట కట్టినవాళ్ళు."

"చదువు" అన్నారు ఆయన సర్దుకుని కూర్చుంటూ.

చదివాను. నోరు తిరగని పేర్లు, ఎక్కడెక్కడి మనుషులో. ఆయన ఒక్కో పేరుకీ తలూపుతూ విన్నారు, పెళ్ళిపందిట్లో చుట్టాల్ని పరిచయం చేస్తుంటే వింటున్నట్టు. మధ్యలో ఒకసారి, "మన చీర మీద కొట్టు ముద్ర ఉంటది. నేసినోడి పేరు ఎక్కడా ఉండదు" అన్నారు. బాధగా ఏమీ అనలేదు. వీళ్ళ పద్ధతి బాగుందే అన్నట్టు అన్నారు.

పేర్లయిపోయాయి. పాట ఆగింది. తెరమీద ఒక ఖాళీ గీత, దాని పక్కన మిణుకుమిణుకుమంటున్న ఒక చుక్క మిగిలాయి. గెలిచినవాళ్ళు పేరు రాసుకునే చోటు అది. కంకిపాడులో నా పేరు అక్కడ ఎలా రాసుకోవాలో ఎన్నిసార్లు అనుకున్నానో.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆయన పేరు రాశాను. గీత నిండింది.

"ఏం రాశావు?"

"మీ పేరు."

"నాదేనా అది?" అన్నారు. లేచి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ టీవీ దగ్గరికి వెళ్ళి, ఆ అక్షరాల మీద వేలు ఈ చివరనించి ఆ చివరకి పోనిచ్చారు, బట్ట పోగు చూసినట్టు. వచ్చి కూర్చున్నారు. నా చేతిలో రిమోట్ తీసుకుని సేవ్ బొత్తం నొక్కారు.

"ఆపేముందు నొక్కాలన్నావుగా" అన్నారు. "మరి ఆ పడవ ఎక్కడ వదిలాం?"